సంతకం ఆగిన పలక: పాత ఐప్యాడ్ తాళం తీస్తే దక్కేదేమిటి, దక్కనిదేమిటి

2011 మార్చిలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐప్యాడ్ 2ను ఇప్పుడు బీరువా అడుగునుంచి తీసి, ముప్పై పిన్నుల ఆ వెడల్పాటి పాత కేబులు వెతికి ఛార్జింగుకు పెడితే, చాలా సందర్భాల్లో అది మేలుకొంటుంది. తెర వెలుగుతుంది, వేలి స్పర్శకు స్పందిస్తుంది, వైఫై అందుతుంది, స్పీకరు మోగుతుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వార్తల సైటు తెరిస్తే తెల్లటి ఖాళీ పేజీ వస్తుంది. మరో సైటు తెరిస్తే భద్రతా ధ్రువపత్రం చెల్లదంటుంది. యాప్ స్టోరులో ఏది నొక్కినా ఇంతకంటే కొత్త ఐఓఎస్ కావాలంటుంది. యంత్రంలో ఒక్క భాగమూ చెడలేదు, అయినా యంత్రం అక్కరకు రాదు. ఈ వైచిత్రి ఎక్కడ పుట్టిందో తెలిస్తే తప్ప, ఇలాంటి పలకకు తాళం తీయడం వల్ల, అంటే వాడుకలో జైల్‌బ్రేక్ చేయడం వల్ల, ఏది తిరిగి వస్తుందో ఏది రాదో అంచనాకు అందదు.

ఐప్యాడ్‌లో పవర్ బటన్ నొక్కగానే మొదట నడిచేది బూట్‌రోమ్ అనే చిన్న ప్రోగ్రాము. చిప్ తయారయ్యేటప్పుడే అది సిలికాన్‌లో అచ్చయిపోతుంది కాబట్టి ఆ తర్వాత దాన్ని యజమానీ మార్చలేడు, ఆపిల్ కంపెనీ కూడా మార్చలేదు. అది తన తర్వాత నడవాల్సిన ప్రోగ్రాము మీద ఆపిల్ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసి, ఉంటేనే పగ్గాలు అప్పగిస్తుంది. ఆ రెండోది మూడోదాన్ని, మూడోది ఆపరేటింగ్ సిస్టమ్ గర్భమైన కెర్నెల్‌ను ఇదే విధంగా తనిఖీ చేస్తాయి. కెర్నెల్ నడవడం మొదలయ్యాక ప్రతి యాప్‌కూ అదే పరీక్ష పెడుతుంది. గొలుసులో ఎక్కడ సంతకం సరిపోకపోయినా పని అక్కడితో ఆగిపోతుంది. దొంగ ప్రోగ్రాములను బయట ఉంచడానికి ఇది నిజంగానే గట్టి కట్టడి, అందులో సందేహం లేదు. అయితే సంతకం పెట్టే అధికారం ఒక్కరి దగ్గరే ఉండడం వల్ల, ఆ ఒక్కరూ చేతులు దులుపుకొన్న రోజున యజమానికి వేరే దారి మిగలదు.

సంతకానికి ఇంకో పార్శ్వం కూడా ఉంది. ఐఓఎస్‌ను మళ్లీ ఎక్కించాలనుకున్నప్పుడు ఐప్యాడ్ తన చిప్‌కు మాత్రమే ఉన్న ప్రత్యేక సంఖ్యను ఆపిల్ సర్వరుకు పంపుతుంది; సర్వరు ఆ చిప్‌కు, ఆ కూర్పుకు (వెర్షనుకు) కలిపి ఒక అనుమతి పత్రం ఇస్తుంది. కొత్త కూర్పు విడుదలైన కొద్ది రోజులకే పాత కూర్పులకు అనుమతి ఇవ్వడం మానేయడం కంపెనీ రివాజు. ఐప్యాడ్ 2 పుట్టినప్పుడు దానిలో ఉన్నది ఐఓఎస్ 4.3. అక్కడి నుంచి 5, 6, 7, 8 మీదుగా 9.3.5 దాకా, అంటే ఆరు ప్రధాన కూర్పుల దాకా, అది ఎక్కుతూ వచ్చింది. ఒక టాబ్లెట్‌కు అంతకాలం నవీకరణలు అందడం ఆ రోజుల్లో అరుదు, ఆ మేరకు కంపెనీని మెచ్చుకోవాలి కూడా. కాని కూర్పు పెరిగినా జ్ఞాపకశక్తి మాత్రం 512 మెగాబైట్లే. ఐఓఎస్ 6లో చురుగ్గా తిరిగిన పలక 9లో కీబోర్డు రావడానికే తడబడుతుంది. పాతదానికి దిగుదామంటే అనుమతి పత్రం లేదు, కొత్తదానికి ఎక్కుదామంటే కూర్పే లేదు.

ఆండ్రాయిడ్ వాడేవారికి వెంటనే తట్టని తేడా బ్రౌజరులో ఉంది. ఆండ్రాయిడ్‌లో బ్రౌజరు ఒక విడి యాప్. ఆపరేటింగ్ సిస్టమ్ ముసలిదైపోయినా చాలా ఏళ్ల పాటు బ్రౌజరు విడిగా కొత్తదవుతూ ఉంటుంది. ఐఓఎస్‌లో వెబ్ పేజీని చదివే యంత్రాంగం ఆపరేటింగ్ సిస్టమ్‌లో అంతర్భాగం, బయటి బ్రౌజర్లు కూడా దాన్నే వాడాలనేది ఆ రోజుల్లో అంతటా ఉన్న నియమం. కాబట్టి ఐఓఎస్ ఆగిన రోజే వెబ్ కూడా ఆగింది. 2016 తర్వాత సైట్లు రాసే జావాస్క్రిప్టు మారిపోయింది. ఆ భాష అర్థం కాని సఫారీ తెల్ల పేజీ చూపిస్తుంది. దీనికి తోడు 2021 సెప్టెంబరు 30న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత ధ్రువపత్రాలకు ఆనాటిదాకా ఆసరాగా ఉన్న ఒక పాత మూల ధ్రువపత్రం గడువు ముగిసింది. దాని స్థానంలో వచ్చిన కొత్త మూల ధ్రువపత్రాన్ని ఐఓఎస్ 10, ఆపై కూర్పులు మాత్రమే గుర్తిస్తాయి. అలా ఒక్క రాత్రిలో లెక్కలేనన్ని సైట్లు ఐప్యాడ్ 2కు అనుమానాస్పదమైనవిగా మారిపోయాయి. ఈ రెండో చిక్కు విడదీయడానికి జైల్‌బ్రేక్ అక్కరలేదు; ఆ కొత్త మూల ధ్రువపత్రాన్ని ఫైలుగా తెచ్చి చేత్తో స్థాపిస్తే చాలు. మొదటి చిక్కుకు జైల్‌బ్రేక్ చేసినా మందు లేదు.

తాళం ఎలా తెరుచుకుంది

జైల్‌బ్రేక్ అంటే ఆ సంతకాల గొలుసులో ఎక్కడో ఒక లంకెలో లోపం పట్టుకుని, కెర్నెల్ చేసే తనిఖీని పక్కకు నెట్టడం. ఐప్యాడ్ 2 విషయంలో ఆ కథ చాలా తొందరగానే మొదలైంది. 2011 జూలైలో కోమెక్స్ అనే మారుపేరుతో పనిచేసే యువకుడు ఒక వెబ్ పేజీ పెట్టాడు. ఐప్యాడ్‌లోనే ఆ పేజీ తెరిచి ఒక మీట నొక్కితే, పీడీఎఫ్‌లోని అక్షరరూపాలను చదివే ప్రోగ్రాములో ఉన్న లోపం ద్వారా పని పూర్తయిపోయేది. కంప్యూటరుతో అవసరమే ఉండేది కాదు. అదే లోపాన్ని దొంగలు వాడుకుంటే పీడీఎఫ్ తెరిచిన ప్రతివాడి ఐప్యాడూ వాళ్ల వశమవుతుంది. దాదాపు తొమ్మిది రోజులకు ఆపిల్ 4.3.4 విడుదల చేసి ఆ రంధ్రాన్ని పూడ్చింది. ఇందులో గమనించదగ్గ విశేషం ఏమిటంటే, కోమెక్స్ తన జైల్‌బ్రేక్‌తో పాటే ఆ రంధ్రాన్ని మూసే చిన్న అతుకును కూడా సిడియా అనే, జైల్‌బ్రేక్ అయిన పరికరాల యాప్ అంగడి ద్వారా ఇచ్చాడు. కాబట్టి ఆ తొమ్మిది రోజులూ, కనీసం ఆ ఒక్క లోపం వరకు, తాళం పగలగొట్టిన ఐప్యాడ్లే తాళం వేసి ఉన్నవాటికంటే భద్రంగా ఉన్నాయి.

అదే వైరుధ్యం చివరి కూర్పులోనూ కనిపిస్తుంది. 2016 ఆగస్టులో ఐక్య అరబ్ ఎమిరేట్స్‌కు చెందిన మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఫోనుకు లింకుతో కూడిన ఒక సందేశం వచ్చింది. ఆయన దాన్ని నొక్కకుండా సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపించారు. వారూ లుకౌట్ సంస్థ నిపుణులూ కలిసి పరిశీలిస్తే, ఆ లింకు వెనక మూడు లోపాలను వరుసగా వాడుకునే పెగాసస్ నిఘా ప్రోగ్రాము బయటపడింది. ఆగస్టు 25న వచ్చిన 9.3.5 ఆ మూడింటినీ మూయడానికి హడావిడిగా తెచ్చిన కూర్పు. ఐప్యాడ్ 2కు ఆపిల్ ఇచ్చిన చివరి ప్రసాదం కూడా అదే; కొన్ని సెల్యులర్ మోడళ్లకు మాత్రం జీపీఎస్ కాలగణన చిక్కు తీర్చడానికి 2019 జూలైలో 9.3.6 వచ్చింది. 9.3.5 వచ్చిన మరుసటి ఏడాది ఆగస్టులో, అంటే 2017లో, సిగూజా, టిమ్‌స్టార్ అనే ఇద్దరు పరిశోధకులు ఫీనిక్స్ పేరుతో 9.3.5కు జైల్‌బ్రేక్ తెచ్చారు. అందులో వాడిన లోపాన్ని పూడ్చే కొత్త కూర్పు ఈ పలకకు ఇక రాలేదు. యజమానికి అది స్వేచ్ఛాద్వారం. ఆ ద్వారం లోపలికి రావాలనుకునే ఎవరికైనా అంతే తెరిచి ఉంటుందన్న సంగతిని మరచిపోకూడదు.

ఫీనిక్స్ పద్ధతిలో ఒక నస ఉంది. ఐప్యాడ్ ఆపి తిరిగి వెలిగించిన ప్రతిసారీ తనిఖీలు మళ్లీ అమల్లోకి వస్తాయి. అప్పుడు ఫీనిక్స్ యాప్ తెరిచి మరొకసారి నడపాలి. ఆ యాప్‌ను ఉచిత ఆపిల్ ఖాతాతో సంతకం చేసి ఎక్కిస్తే ఆ సంతకం ఏడు రోజులకే చెల్లకుండా పోతుంది. గోడకు తగిలించి మరచిపోదామనుకునే పలకకు ఇది కుదిరే వ్యవహారం కాదు. అందుకే అనుభవజ్ఞులు ఫీనిక్స్‌ను గమ్యంగా కాక మెట్టుగా చూస్తారు: దాన్ని ఎక్కి, అక్కడి నుంచి పాత కూర్పుకు దిగుతారు.

దిగడానికి సందు ఆపిల్ సర్వరులోనే దొరికింది. మిగతా పాత కూర్పులకు అనుమతి పత్రాలు ఆపేసినా, కేబులు లేకుండా వైఫైలో వచ్చే నవీకరణల కోసం ఉద్దేశించిన 6.1.3, 8.4.1 కూర్పులకు మాత్రం ఐప్యాడ్ 2 వంటి పరికరాల విషయంలో సర్వరు ఏళ్ల తరబడి అనుమతి ఇస్తూనే వచ్చింది. కంప్యూటరు నుంచి మామూలు పద్ధతిలో ఆ కూర్పు ఎక్కించబోతే ఐప్యాడ్ ఒప్పుకోదు. అయితే జైల్‌బ్రేక్ అయి ఉన్న పలకలో సంతకాన్ని పట్టించుకోని ఒక ప్రత్యేక స్థితిని సృష్టించి, ఆ స్థితిలో పాత కూర్పును ఆ సిసలైన అనుమతి పత్రంతోనే ఎక్కించవచ్చు. ఈ తతంగమంతా ఒకప్పుడు కమాండ్ల మీద కమాండ్లు కొట్టి చేయాల్సి వచ్చేది. ఇప్పుడు లెగసీ ఐఓఎస్ కిట్ వంటి ఉచిత సాధనాలు లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో దాన్ని ప్రశ్న-జవాబుల వరుసగా మార్చేశాయి. 6.1.3కు దిగిన ఐప్యాడ్ 2 నిజంగానే కుర్రదైనట్టు కదులుతుంది. 8.4.1 మధ్యేమార్గం: అంత వేగం ఉండదు, కాని యాప్‌ల పాత కూర్పులు కొంచెం ఎక్కువ దొరుకుతాయి, రీబూటు తర్వాత కూడా నిలిచే జైల్‌బ్రేక్ దానికుంది. ఒకే పని చేయించాలనుకుంటే 6.1.3, నాలుగైదు యాప్‌లు కావాలనుకుంటే 8.4.1 మేలు.

2019 సెప్టెంబరు 27న ఇంకా లోతైన తాళం తెరుచుకుంది. ఆక్సియోమెక్స్ అనే పరిశోధకుడు బయటపెట్టిన చెక్‌మేట్ లోపం బూట్‌రోమ్‌లోనే ఉంది. ఏ5 నుంచి ఏ11 వరకు ఉన్న ఆపిల్ చిప్‌లన్నిటికీ, అంటే ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ 10 వరకు, అది వర్తిస్తుంది. సిలికాన్‌లో అచ్చయినదాన్ని ఏ నవీకరణా దిద్దలేదు కాబట్టి ఈ తాళం శాశ్వతంగా తెరుచుకున్నట్టే. అయితే ఏ5 విషయంలో యుఎస్‌బీ ద్వారా పంపాల్సిన సంకేతాలను మామూలు కంప్యూటరు యుఎస్‌బీ వ్యవస్థ కావలసిన తీరులో పంపలేదు. దానికి ఆర్డువీనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, దాని మీద యుఎస్‌బీ హోస్ట్ షీల్డు అమర్చుకోవాలి. ఏడాదికొకసారి చేసే పనికి ఈ సరంజామా ఎక్కువే, కాని మరే దారీ లేనప్పుడు ఈ దారి ఉందన్నది చిన్న విషయం కాదు.

తాళం తీసినా తెరుచుకోని గది

బూట్‌రోమ్ దాకా తాళం తెరుచుకున్నాక ఇక ఆపిల్ వ్యవస్థనే తీసేసి లినక్స్ ఎక్కించవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. సిద్ధాంతరీత్యా అవును. ఆచరణలో తెర, వైఫై, స్పర్శ, ధ్వని, గ్రాఫిక్స్, వీటిలో ప్రతి భాగానికీ దాన్ని నడిపే ఒక డ్రైవరు ప్రోగ్రాము కావాలి. ఆ భాగాల లోపలి వివరాలను ఆపిల్ ఎన్నడూ ప్రచురించలేదు. ఒక్కో భాగాన్ని చీకట్లో తడుముకుంటూ అర్థం చేసుకోవడం మనుషుల ఏళ్లను తినే పని. అందువల్ల ఈ పలక మీద రోజువారీ వాడకానికి పనికొచ్చే లినక్స్ రాలేదు, పునర్వినియోగమంతా ఐఓఎస్ గోడల లోపలే జరుగుతోంది.

పోల్చి చూడడానికి అదే కాలపు మరో పలక ఉంది. హెచ్‌పీ కంపెనీ 2011 జూలైలో వెబ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో టచ్‌ప్యాడ్ తెచ్చి, ఆగస్టు 18న, ఏడు వారాలైనా పూర్తిగా గడవకముందే, దాన్ని మూసేసింది. మిగిలిన సరుకును 99 డాలర్లకు తెగనమ్మింది. వ్యాపారపరంగా అది ఘోర పరాజయం. కాని దానికి ఇలాంటి తాళం లేదు. కొద్ది నెలల్లోనే ఔత్సాహికులు దానికి ఆండ్రాయిడ్ ఎక్కించారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి కొత్త ఆండ్రాయిడ్ కూర్పులు అందిస్తూ వచ్చారు. ఏడు వారాలు బతికిన సరుకుకు, అయిదేళ్లకు పైగా కంపెనీ ఆదరణ పొందిన ఐప్యాడ్ 2 కంటే మెరుగైన వృద్ధాప్యం దక్కింది. ఇటువైపు మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో తెచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ కూడా ఐప్యాడ్ లాగే సంతకాల కోటలో పుట్టింది. 2016లో ఆ కంపెనీ సొంత పొరపాటు వల్ల తాళం తీసే విధాన ఫైలు ఒకటి బయటపడేదాకా అందులో మరో వ్యవస్థకు చోటే లేదు. పలక ఎంతకాలం ఉపయోగపడుతుందో తేల్చేది తయారీ నాణ్యతకంటే తాళం స్వభావమేనని ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఆదరణ ఆపేసే రోజున తాళంచెవిని కూడా యజమాని చేతిలో పెట్టడం కంపెనీకి సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. అలా పెట్టాల్సిన చట్టబద్ధమైన బాధ్యత మాత్రం లేదు.

మన లిపికి సంబంధించిన ఒక ఉదంతం ఇక్కడ ప్రస్తావించదగినది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే గుణింతం ఒక ప్రత్యేకమైన అదృశ్య సంకేతంతో కలిసి సందేశంగా వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో ఆ సందేశాన్ని చూపించే యాప్ కుప్పకూలిపోయేది. తెలుగు రాని దేశాల్లో కూడా జనం ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆటపట్టించుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. అప్పటికే ఐప్యాడ్ 2 ఆ వరుసలోంచి తప్పుకుని ఏడాదిన్నర అయింది. అలాంటి లోపం దానిలో ఏదైనా ఉంటే అది అలాగే ఉండిపోవలసిందే.

ఏ పనికి పెట్టాలి

పాత పలకతో చేసే ప్రయోగాలు ఎక్కువగా విఫలమయ్యేది దాన్ని మళ్లీ అన్ని పనులకూ వాడే టాబ్లెట్‌గా చేయబోయినప్పుడు. వెబ్ తిరగదు, కొత్త యాప్‌లు రావు, ముందు కెమెరా వీజీఏ స్థాయిది కాబట్టి వీడియో మాటలకు గానీ కాపలా కెమెరాగా గానీ దానితో సుఖం లేదు. దాని దగ్గర ఇంకా మంచిగా ఉన్నవి తెర, బ్యాటరీ, ధ్వని. ఆ మూడింటినీ వాడుకుంటూ ఇంటర్నెట్ అక్కర్లేని ఒక్క పనిని ఎంచుకుంటేనే ప్రయోగం నిలబడుతుంది.

తెలుగు పాఠకులకు అలాంటి మొదటి పని పుస్తకాలు చదవడం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు పెద్ద సంఖ్యలో ఆర్కైవ్.ఆర్గ్‌లో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. వాటిని ఫోనులో చదవడం కళ్లకు శిక్ష. పొడవాటి నేటి టాబ్లెట్లలో పేజీకి పైనా కిందా చోటు వృథా అవుతుంది. ఐప్యాడ్ 2 తెర 9.7 అంగుళాలది, నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటుంది, అది పుస్తకం పేజీ ఆకారానికి బాగా దగ్గర. అయితే దాని సాంద్రత అంగుళానికి 132 చుక్కలే కావడంతో పూర్తి పేజీని నిలువుగా చూస్తే వత్తులూ, 'ఘ'కూ 'ఝ'కూ తేడా చెప్పే చిన్న గీతలూ అలుక్కుపోతాయి. పలకను అడ్డంగా తిప్పి సగం సగం పేజీ చదవడం మంచి ఉపాయం. వెతికితే దొరికే మాటైతే, 2012 మార్చిలో వచ్చిన మూడో తరం ఐప్యాడ్‌లో అదే కొలతలో 2048 అడ్డం, 1536 నిలువు చుక్కలు, ఒక గిగాబైటు జ్ఞాపకశక్తి ఉన్నాయి. తెలుగు ముద్రణకు దాని తెర ఇవాళ్టికీ చక్కగా ఉంటుంది. దాని ప్రయాణం కూడా 9.3.5తోనే ఆగింది కాబట్టి పాత ధరలో, పాత తాళాలతోనే దొరుకుతుంది.

స్కాన్ చేసిన భారీ ఫైళ్లకు 512 మెగాబైట్లు చాలవు. పేజీ తిప్పాక నాలుగైదు సెకన్లు ఆగాల్సి రావచ్చు, లేదా యాప్ మూసుకుపోవచ్చు. కంప్యూటరులో ముందే ఆ పీడీఎఫ్‌ను నలుపు-తెలుపులోకి మార్చి, అధ్యాయాల వారీగా కోసి పెట్టుకుంటే ఈ బెడద పోతుంది. ఫైళ్లను చేర్చడానికి ఇంటి కంప్యూటరులో చిన్న వెబ్ సర్వరు నడిపి, సఫారీలో దాని చిరునామా కొట్టి పుస్తకాన్ని ఐబుక్స్‌లోకి తెరవడం అన్నిటికంటే సులువు. ఇంటి లోపలి సర్వరుకు గుప్తీకరణ అక్కర్లేదు కాబట్టి ధ్రువపత్రాల గొడవ అసలు రాదు. ఈ మొత్తం పనిలో జైల్‌బ్రేక్ పాత్ర ఏమీ లేదని గుర్తించాలి; పాత కూర్పుకు దిగి వేగం పెంచుకోవాలనుకునేవారికే అది కావాలి.

సంగీత సాధన రెండో పని. ఐప్యాడ్ 2తో పాటే ఆపిల్ గ్యారేజ్‌బ్యాండ్‌ను తెచ్చింది. వేలు తాకిన క్షణానికీ శబ్దం వచ్చే క్షణానికీ మధ్య జాప్యం అప్పటి ఆండ్రాయిడ్ పలకల కంటే బాగా తక్కువ ఉండడం వల్ల సంగీతకారులు దీన్ని ఇష్టపడ్డారు. హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. ముప్పై పిన్నుల కెమెరా కనెక్షన్ కిట్ ఉంటే ఎలక్ట్రానిక్ కీబోర్డును కూడా కలపవచ్చు. తంబురా శ్రుతి యాప్‌ను గతంలో కొన్న ఖాతా ఉంటే, యాప్ స్టోరులో 'కొన్నవి' జాబితా నుంచి ఆ పలకకు సరిపడే చివరి కూర్పు దిగుమతి అయ్యే అవకాశం ఉంది. 2013 నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఒకసారి ఎక్కాక తంబురాకు నెట్ ఎందుకు? సాధనలో ఉండగా వాట్సాప్ మోత లేని తంబురా అదనపు లాభం.

మూడోది గోడ పలక. ఇంట్లో ఎప్పుడూ నడిచే చిన్న కంప్యూటరు ఉంటే, రాస్ప్‌బెర్రీ పై లాంటిదైనా సరే, తిథి, నక్షత్రం, రాహుకాలం, వాతావరణం, పిల్లల పరీక్షల తేదీలు అన్నిటినీ అది ఒక బొమ్మగా గీసి ఉంచుతుంది. ఐప్యాడ్ చేయాల్సిందల్లా నిమిషానికోసారి ఆ బొమ్మను తెచ్చుకుని చూపించడం. కష్టమైన పనంతా కొత్త యంత్రం చేసి, పాతదానికి బొమ్మ చూపే పని మాత్రమే మిగల్చడం ఈ ఏర్పాటులోని కిటుకు; 2016 నాటి సఫారీకి అది చేతనవుతుంది. ఆ పేజీని హోమ్ తెర మీద చేర్చుకుంటే చిరునామా పట్టీ లేకుండా నిండుగా కనిపిస్తుంది. ఐఓఎస్ 6 నుంచి ఉన్న గైడెడ్ యాక్సెస్‌తో పలకను ఒకే యాప్‌కు కట్టిపడేయవచ్చు. ఇక్కడ జైల్‌బ్రేక్ వల్ల ఒరిగేది ఫైళ్లలోకి నేరుగా వెళ్లగలగడం, అక్కర్లేని నేపథ్య ప్రక్రియలను తీసేయగలగడం.

జాగ్రత్తలు, చట్టం

జైల్‌బ్రేక్ చేసిన వెంటనే చాలామంది దూరం నుంచి కమాండ్లు ఇవ్వడానికి ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ ఎక్కిస్తారు. ఐఓఎస్ పరికరాలన్నిటిలో సర్వాధికారాలూ ఉన్న రూట్ ఖాతా పాస్‌వర్డు ఒకటే: 'ఆల్పైన్' అనే ఆంగ్ల పదం. దాన్ని మార్చనివారి కోసం 2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఇకీ అనే పురుగు ప్రోగ్రాము పుట్టింది. అది జైల్‌బ్రేక్ అయిన ఐఫోన్లలోకి దూరి వాల్‌పేపరు మార్చి నవ్వుకునేంతవరకే ఆగింది. అదే నెలలో వచ్చిన దాని రెండో రూపం నెదర్లాండ్స్‌లో బ్యాంకు ఖాతాదారులకు గురిపెట్టింది. కనుక పాస్‌వర్డు మార్చడం మొదటి పని. బ్యాంకు, ప్రధాన ఈమెయిలు, యూపీఐకి ముడిపడిన ఏ ఖాతా కూడా ఈ పలకలో ఉండకూడదన్నది రెండో నియమం. వీలుంటే రౌటరులో అతిథుల కోసం ఇచ్చే వేరే వైఫైకి దాన్ని పరిమితం చేయడం ఇంకా మంచిది.

బ్యాటరీ ముచ్చట సాఫ్ట్‌వేరు కంటే ముఖ్యం. పదేళ్లు దాటిన లిథియం బ్యాటరీని రాత్రింబవళ్లు ఛార్జరుకు కట్టి వంటింటి గోడకు వేలాడదీస్తే వేడికి ఉబ్బే ప్రమాదం ఉంది. తెర అంచు లేచినట్టు, మధ్యలో వెలుగు మచ్చ పడినట్టు కనిపిస్తే వెంటనే వాడకం ఆపి, ఈ-వ్యర్థాలు సేకరించే కేంద్రానికి అప్పగించాలి. ఈ మోడల్‌లో అద్దాన్ని జిగురుతో అంటించారు కాబట్టి సొంతంగా బ్యాటరీ మార్చబోతే ముందు పగిలేది అద్దమే. రోజుకు రెండు మూడు గంటలే ఛార్జింగ్ అందేలా టైమర్ ప్లగ్గు పెట్టడం తక్కువ ఖర్చుతో తేలే పరిష్కారం.

పాత పలక కొనేవారు చూడాల్సినవి ఇంకో రెండు తాళాలు. ఐఓఎస్ 7తో, అంటే 2013లో, వచ్చిన యాక్టివేషన్ లాక్ పలకను పాత యజమాని ఖాతాకు కట్టేస్తుంది. దొంగ సరుకును గిట్టుబాటు కాకుండా చేయడానికి పెట్టిన తాళం అది, దాన్ని తీయాల్సింది ఆ యజమానే. రెండోది సంస్థలు పెట్టే నిర్వహణ తాళం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లను బైజూస్ పాఠాలతో పంచినప్పుడు, పిల్లలు ఇతర యాప్‌ల వైపు వెళ్లకుండా వాటికి ఇలాంటి తాళమే వేసింది. దాన్ని తీసేవారి గురించీ, తీసే పద్ధతుల గురించీ వార్తలు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తయారీదారు తాళం వెనక యజమాని ఒంటరివాడు. నిర్వహణ తాళం విషయంలో అలా కాదు, దాన్ని పద్ధతిగా తీయగలిగే శాఖ ఉంది. అటువంటి ట్యాబ్‌లకు పాఠం కాలం చెల్లినప్పుడు జరగాల్సింది జైల్‌బ్రేక్ కాదు, విడుదల ఉత్తర్వు.

అమెరికాలో కాపీరైట్ చట్టం కింద మినహాయింపులు ఇచ్చే కాంగ్రెస్ లైబ్రరీ అధిపతి 2010 జూలైలో ఫోన్ల జైల్‌బ్రేక్‌ను అనుమతించారు. 2012లో టాబ్లెట్లకూ అదే అడిగితే, టాబ్లెట్ అంటే ఏమిటో నిర్వచనం స్పష్టంగా లేదని తోసిపుచ్చారు. 2015లో గాని టాబ్లెట్లు ఆ జాబితాలోకి ఎక్కలేదు. అంటే ఐప్యాడ్ 2 అమ్ముడైన కాలమంతా దాని తాళం తీయడం అక్కడ చట్టపు నీడలోనే జరిగింది. భారతదేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షను సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరంగా చూస్తుంది, రెండేళ్ల వరకు జైలుశిక్షకు వీలుంది. కాని కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదించినప్పుడే ఆ సెక్షను వర్తిస్తుంది. సొంత పలకలో పాత కూర్పు ఎక్కించుకోవడానికీ, డబ్బు పెట్టి కొనాల్సిన యాప్‌లను దొంగతనంగా ఎక్కించుకోవడానికీ మధ్య గీత అక్కడే ఉంది.

ఇంత చేసినా ఒక దారం తెగకుండా మిగిలిపోతుంది. పలకను పూర్తిగా చెరిపి ఏ కూర్పు ఎక్కించినా, తొలి తెర మీద 'హలో' దాటి లోపలికి వెళ్లడానికి అది ఆపిల్ యాక్టివేషన్ సర్వరును ఒకసారి పలకరించి, ఔనన్న జవాబు తెచ్చుకోవాలి. జైల్‌బ్రేక్ ఆ అవసరాన్ని తీసేయదు. సర్వరు ఇప్పటిదాకా పాత పరికరాలకు కూడా జవాబిస్తూనే వచ్చింది, ఎప్పటిదాకా ఇస్తుందన్నది దాని యజమాని ఇష్టం. అందుకే సవ్యంగా నడుస్తున్న పాత ఐప్యాడ్‌ను సరదాకి చెరపడం తెలివైన పని కాదు. చెరపక తప్పనప్పుడు, అంతకుముందే జైల్‌బ్రేక్ సాయంతో దాని యాక్టివేషన్ పత్రాలను, అనుమతి పత్రాలను కంప్యూటరులోకి తీసి దాచుకోవాలి. అవి కొన్ని కిలోబైట్ల ఫైళ్లు మాత్రమే. ఫోల్డరు పేరులో ఆ పలక సీరియల్ నంబరు రాసి పెట్టుకుంటే ఏది దేనిదో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.